రెండు రంగుల చేతులు

మా బాబాయి బట్టలకు రంగులద్దుతాడు. రంగులు కలిసిపోకుండా ఎర్రరంగు తొట్టిలో కుడిచెయ్యి, నీలంరంగు తొట్టిలో ఎడమచెయ్యి పెట్టడం ముప్పై ఏళ్లుగా ఆయన పద్ధతి. మా నగరంలో ఏటికి అవతలివాళ్ల ఫుట్‌బాల్ జట్టుది ఎరుపు, ఇవతలివాళ్లది నీలం. ఇద్దరి జెండాలూ బాబాయి అద్దినవే.

మొన్నామధ్య ఆట అయ్యాక అభిమానులు కొట్టుకున్నారు. ఎవరో నీలం జట్టువాళ్ల ఇళ్లమీద ఎర్రరంగు చల్లి అద్దాలు పగలగొట్టారు. మర్నాడు పోలీసులు వీధిలో అందరి చేతులూ చూసుకుంటూ వచ్చి బాబాయిని పట్టుకున్నారు.

"నేను అద్దకం పనివాణ్ణండీ. ఇదిగో, ఈ చెయ్యి నీలం," అని బాబాయి రెండో చెయ్యి చాపాడు.

"ఓహో, రెండు పక్కలా చేరి తన్నావన్నమాట!" అన్నాడు ఎస్సై.

రంగు చల్లినవాళ్లు చేతులు కడుక్కుని ఇళ్లలో హాయిగా కూర్చున్నారు. ఎంత కడిగినా రంగు పోనివాడు స్టేషన్లో కూర్చున్నాడు. జీవితంలో ఒక్క ఆటయినా చూడని మనిషి ఆయన. జెండాలు అద్దించుకున్నవాళ్లలో ఒక్కరైనా వచ్చి ఆయన అద్దకం పనివాడని చెప్పలేదు. రెండు జట్లవాళ్లూ మావాడు కాదంటే మావాడు కాదన్నారు.

నాలుగో రోజు వదిలారు గానీ, ఆట ఉన్నరోజున స్టేడియం వీధిలో అడుగుపెట్టకూడదని షరతు పెట్టారు. బాబాయి కొట్టు ఆ వీధిలోనే ఉంది.

ఆదివారం మళ్లీ ఆట. బాబాయి కొట్టు తాళాలు తీసుకున్నాడు.

"కనీసం చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్లయ్యా," అని పిన్ని బతిమాలింది.

"ఎందుకే? ఇవేమైనా తప్పు చేసిన చేతులా?" అని, రెండు చేతులూ ఊపుకుంటూ వీధి మధ్యనుంచే నడిచాడు.