తిరగేసి చూసిన బొమ్మల పుస్తకం

నా పేరు లక్ష్మమ్మ, వయసు డెబ్బై రెండు. బేతంచెర్లలో కొడుకు, కోడలు, మనవరాలు శిరీషతో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే శిరీష ఫోన్లో రాస్తోంది.

ఈ రోజు మధ్యాహ్నం శిరీష మంచం మీద జపాన్ బొమ్మల పుస్తకం కనిపించింది. ఇద్దరు ఆడపిల్లలు ప్రేమించుకునే కథని శిరీష తర్వాత చెప్పింది. మన పుస్తకాలు తెరిచినట్టే తెరిచాను. ఒక పిల్ల స్టేషన్లో ఒంటరిగా ఏడుస్తోంది. తర్వాత రైలు, దాని వాకిట్లో ఇంకో పిల్ల. చివరికి ఇద్దరూ ఒకే గొడుగు కింద నవ్వుతున్నారు.

“పోయిన పిల్ల తిరిగొచ్చినాది, బాగుండాది పాపా,” అన్నాను.

“అయ్యో జేజీ, తిరగేసి చూసినావు! జపానోళ్ల పుస్తకం మన చివరి పేజీ నుంచి మొదలైతాది. ఆ పిల్ల రైలెక్కి పోతాండాది, రాలేదు.”

“నోర్మూసుకో. నా కంటికి వచ్చినాది.”

“ఎవురి కోసం జేజీ ఇంత రోషం?”

ఆ మాటకు జవాబు ఇప్పుడు రాస్తూ వింటోంది.

వయసులో ఉండగా బండల ఫ్యాక్టరీలో మోసే ఒక్కో బండకు ఆ కొస ఓబులమ్మ, ఈ కొస నేను. తన పెళ్లయిన వారానికి ఆమె ఇదే ఊరి స్టేషన్లో రైలెక్కింది. యాభై ఏళ్లుగా నా కళ్లలో ఆ రైలు పోతూనే ఉంది. ఈ రోజే వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి కూత వినపడితే చాలు, గుమ్మంలోకి పోయి నిలబడుతున్నాను.

చదువుకున్నవాళ్లు చెప్పండి, నేను చూసింది తప్పా? తప్పన్నా ఒప్పుకోను.

కింద ఫోటోలో ఉన్నది నా ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: రాసిన మనవరాలు శిరీష. పక్కింటి మాబున్నీ, నన్ను మూడుసార్లు గుమ్మంలో చూసి, ఎవరొస్తున్నారని అడిగిన మనిషి.