తీగకు ఆ కొసన

హేమసుందర్‌కి భూమి మీద విసుగు పుట్టి చాలా కాలమైంది. అయినా దాన్ని పొడవక తప్పదు. అనంతపురం వైపు నుంచి సైన్యంలో చేరి, ఇంజనీర్ల దళంలో బోర్ల పని నేర్చి, ఢిల్లీ కంటోన్మెంట్‌లో రిటైరై, ఆ పక్కనే పాలంలో అద్దె వాటా తీసుకుని ఉండిపోయాడు. గుర్‌గావ్ అవతల ఫామ్‌హౌస్‌ల వాళ్లు, గోదాములు కట్టేవాళ్లు బోరు వేయించే ముందు ఆయన్ని పిలుస్తారు. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో, అవి మంచినీళ్లో ఉప్పునీళ్లో ఆయన చెప్పాలి. కొందరు పనిలో పనిగా రాగో బంగారమో ఉందేమో కూడా చూడమంటారు. ఆ ఆశకు జవాబు చెప్పడం ఆయన మానేశాడు.

అది ఒక్క మనిషితో అయ్యే పని కాదు. మధ్యలో పెట్టె ముందు పెట్టుకుని హేమసుందర్ కూర్చుంటాడు. ఇంకొకరు తీగ లాక్కుంటూ దూరంగా వెళ్లి, అటొకటి ఇటొకటి ఇనుప కడ్డీలు నేలలోకి దిగ్గొట్టాలి. కడ్డీల్లోకి కరెంటు పంపితే నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో పెట్టెలో తెలుస్తుంది. దాన్ని బట్టి అడుగున ఏముందో అంచనా వేస్తారు. కరెంటు పంపే ముందు ఆయన “చెయ్యి తీసినావా?” అని అరుస్తాడు. అవతలి మనిషి కడ్డీ వదిలేసి చెయ్యెత్తి చూపాలి. అప్పుడే మీట నొక్కాలి. సైన్యంలో నేర్చిన క్రమం, ఏనాడూ తప్పలేదు.

పనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు మానేశాక ఆ అవతలి మనిషి ఆయన భార్య సుభద్ర అయింది. ఆడమనిషికి ఎండలో ఆ తిప్పలేమిటని పక్కవాటా వాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఎదురింటి బాల్కనీలో ఆరేసిన బట్టలు చూస్తూ కూర్చోవడం కంటే ఆమెకు అదే నయం. పొలంలో ఏదో ఒక నీడ చూసుకుని పరోటాలు, ఊరగాయ తినేటప్పుడే మొగుడూ పెళ్లాలు నాలుగు మాటలు మాట్లాడుకునేది. ఇంట్లో ఎవరి అలసట వాళ్లది.

చలికాలం చివర్లో ఆమెకు షాక్ కొట్టింది. ఆ రోజూ ఆయన అరిచాడు, ఆమె చెయ్యెత్తింది, ఆయన మీట నొక్కాడు. ఆమె రెండో చెయ్యి కడ్డీ మీదే ఉంది. కూర్చుని కడ్డీ కొడుతుంటే మోకాలు పట్టేసిందట. కడ్డీనే ఆసరా చేసుకుని లేవబోతూ, కాస్త ఆగమని చెయ్యెత్తిందట. వెల్లకిలా పడిపోయింది. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ హేమసుందర్ హడలిపోయాడు. ఆ భయమంతా కోపంగా బయటికొచ్చింది. అడిగింది వినకుండా చెయ్యెత్తడమేమిటి, బుద్ధుందా అని దారి పొడుగునా తిట్టాడు. ఆమె ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత ఇంట్లో కూడా ఏ చిన్న పొరపాటు జరిగినా ఆ తిట్టు మళ్లీ పైకి తీసేవాడు.

ఇక సుభద్రను తీసుకెళ్లేది లేదు, ఒక్కడే మోసుకెళ్లే యంత్రం కొంటానని తేల్చేశాడు. “అయితే నేను ఇంట్లోనే పడి ఉండాల్నా?” అంది సుభద్ర. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

చాందినీ చౌక్ వెనక గల్లీలో ఒక దుకాణదారు పిడికి రెండు యాంటెన్నాలు తగిలించిన పరికరం చూపించాడు. నీళ్లకో బొత్తాం, బంగారానికో బొత్తాం. ఏది నొక్కితే యాంటెన్నాలు దానివైపు తిరుగుతాయట. తిరిగాయి కూడా, అతని మణికట్టు ఎటు వంగితే అటు. హేమసుందర్‌కి నవ్వే ఓపిక లేకపోయింది. ఇంకోచోట ఫోనుకు తగిలించేది ఉంది. దానికి కరెంటు పంపక్కర్లేదు, రెండు చిన్న కడ్డీలు గుచ్చితే ఫోనులో రంగుల బొమ్మ వస్తుంది. ఒంటరి మనిషికి చక్కగా సరిపోతుంది. ఉప్పునీళ్లకీ మంచినీళ్లకీ తేడా చెబుతుందా అని అడిగితే అమ్మేవాడు చాయ్ తెప్పించాడు. మూడోది పాత పద్ధతిదే. కాకపోతే టిఫిన్ క్యారియర్ అంత బరువుంటుంది, మరలు తిప్పి సరిచూసే బాధ లేదు, మీట నొక్కగానే అంకె పడుతుంది. నమ్మదగ్గది అదే. కానీ తీగ లాగడానికి మనిషి కావాలి.

ఇంటికొచ్చి కూలబడి ఇదంతా చెప్పి, చేసేదేముంది, ఫోనుదే కొంటానన్నాడు. సుభద్ర బెండకాయలు తరుగుతోంది.

“మీట నొక్కితే అంకె పడ్తాదంటివి కదా. ఆ మీట నేను నొక్కుతా. తీగ నువ్వు లాగు,” అంది.

ఇన్నేళ్లలో ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. పెట్టె దగ్గర కూర్చోవాల్సింది తనేనని ఎవరూ చెప్పకపోయినా అనుకుంటూ వచ్చాడు మరి.

దుకాణంవాడు ఒక రోజు వాడి చూడమని మూడోదాన్ని ఇచ్చాడు. గుర్‌గావ్ అవతల సోహ్నా దాటాక, లోపల నీళ్లెక్కడున్నాయో ముందే తెలిసిన ఒక బోరు దగ్గరికి వెళ్లారు. సుభద్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పెట్టె ఒళ్లో పెట్టుకుంది. వడగాడ్పు లేచింది. హేమసుందర్ తీగ లాక్కుంటూ వెళ్లి కడ్డీ దిగ్గొట్టడం, వెనక్కి వచ్చి రెండోవైపు వెళ్లడం, మళ్లీ ఇంకా దూరం. అంకెలు బోరుకు సరిపోతూ వచ్చాయి. యంత్రం ఇదేనని మనసులో ఖాయం చేసుకున్నాడు. నడుము మాత్రం విరిగిపోతోంది. చివరి కడ్డీ దిగ్గొట్టి, దాన్నే పట్టుకుని రొప్పుతూ ఆమె పిలుపు కోసం ఆగాడు.

పిలుపు రాలేదు. అటు చూస్తే సుభద్ర పెదాలు కదులుతున్నాయి. చేతులు నోటికి అటూ ఇటూ పెట్టుకుని మళ్లీ అరిచింది. మూడో అంతస్తు నుంచి కూరగాయల బండిని ఆపే గొంతు ఆమెది. గాలి హోరులో ఒక్క అక్షరం కూడా ఆయన చెవిన పడలేదు.

హేమసుందర్ చెయ్యెత్తలేదు. కడ్డీ వదిలి, తీగ వెంబడే వెనక్కి నడిచాడు. ఆమె మీట మీంచి వేలు తీసేసి చూస్తూ ఉంది. వచ్చి కుర్చీ పక్కన మట్టిలో చతికిలపడ్డాడు. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

“నేను అరిచేది నీకు వినపడేదా?”

సుభద్ర నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. “గాలి లేనినాడు వినపడేది. గాలి ఉంటే, నువ్వు పెట్టె మీదికి వంగేది చూసి చెయ్యి తీసేదాన్ని.”

“మరి ఆ పొద్దు?”

“ఆ పొద్దూ గాలే. నేను మోకాలు చూసుకుంటా ఉంటి.”