వెనక గుంటున్న హెరాల్డ్: విశాఖలో మా మొదటి పాత కారు వేట

మొన్నామధ్య ఈ బ్లాగు చదివే ఒకమ్మాయి ఉత్తరం రాసింది. "ఆంటీ, తక్కువ డబ్బులో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనాలి. నమ్మకంగా నడవాలి, ఇంట్లో అందరికీ పనికిరావాలి, కాస్త హుషారుగా కూడా ఉండాలి. ఎలా వెతకమంటారు?" అని. కోరికలు మూడూ మూడు దిక్కులు లాగుతాయి తల్లీ అని రాయబోయి ఆగిపోయాను. ఎనభైల మధ్యలో నేనూ ఇవే మూడు కోరికలతో ఒక ఆదివారం ఇంట్లోంచి బయలుదేరాను. ఉన్న ఊళ్ళోనే తిరిగినదాన్ని ప్రయాణమంటావేంటని కొందరు ముక్కు విరుస్తారని తెలుసు. వైశాఖ మాసం ఎండలో విశాఖపట్నం ఈ కొస నుంచి ఆ కొసకి ఆటోలో వెళ్ళి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

మాది రాజోలు వైపు. మా ఆయనకి పోర్టులో పెద్ద లారీ నడిపే ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చి అక్కయ్యపాలెంలో కాపురం పెట్టాం. లారీ దిగితే మోటార్ సైకిల్, మోటార్ సైకిల్ దిగితే మంచం, అదీ ఆయన బతుకు. ఆదివారం తెల్లారితే నన్ను వెనక ఎక్కించుకుని భీమిలి రోడ్డులో గాలికి ఎదురు వెళ్ళేవారు. ఒక వానాకాలం సాయంత్రం తడి రోడ్డు మీద జారి పడ్డారు. ఎడమ మోకాలు ఇక వంగదని డాక్టర్లు తేల్చేశారు. ఉద్యోగం పోలేదు, గుమాస్తా కుర్చీలో కూర్చోబెట్టారు. కానీ ఎనిమిది నెలలుగా ఆఫీసుకీ ఇంటికీ తప్ప ఎక్కడికీ కదల్లేదు. నవ్వడం మానేశారు. నాకు భయం వేసింది. ఆయనకి చెప్పకుండా డ్రైవింగ్ స్కూల్లో చేరి, ఏడుస్తూ తిట్లు తింటూ లైసెన్సు తెచ్చుకున్నాను. కారు కొందామంటే, "నువ్వు తోలుతుంటే నన్ను పక్కన బియ్యం మూటలా కూర్చోమంటావా?" అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. వద్దని మాత్రం అనలేదు కదా అని సర్దుకున్నాను. మా దగ్గర ఇరవై వేలుంది. అందులో మూడు వేలు రిపేర్లకి పక్కన పెట్టాను. పాత కారు కొనేవాళ్ళెవరైనా అలా పెట్టుకోవలసిందే.

ఉదయం ఏడింటికి అప్పల్రాజు ఆటో వచ్చింది. రోజంతా తిప్పడానికి ఎనభై రూపాయలు, టిఫినూ భోజనం మావి. మా ఆయన అడ్డంగా కూర్చుని కాలు బయటికి పెట్టాల్సి వచ్చింది. "సాపుకోండి బాబు, సాపుకోండి. నాను సూసుకుని మెల్లగా తోల్తాను, తొందరేటి నేదు," అన్నాడు అప్పల్రాజు. అన్నట్టే గుంతలన్నీ తప్పిస్తూ ఏడున్నరకి వన్ టౌన్ చేర్చాడు. మామూలు రోజుల్లో ఆ సందుల్లో బస్తాల బళ్ళ మధ్య కాకి కూడా దూరదు. ఆదివారం ఎనిమిదిలోపు వెళ్తే రోడ్డు మీదే కారు చూసుకోవచ్చు.

అక్కడ ఒక పప్పుల వ్యాపారి అంబాసిడర్ అమ్ముతున్నాడు. మంచి బండి, నల్లగా నిగనిగలాడుతోంది, చెప్పిన ధర పంతొమ్మిది వేలు, బేరమాడితే దిగేలా ఉన్నాడు. ఆయన మాకు కాఫీ కూడా ఇప్పించాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. నేను పొట్టి, పెడళ్ళు అందలేదు. సీటు ముందుకు జరిపాను. అంబాసిడర్ ముందు సీటు ఒకటే బల్ల, జరిపితే ఇద్దరిదీ జరుగుతుంది. పక్కన మా ఆయన కాలు డాష్ బోర్డుకి వెళ్ళి తగిలింది. ఆయన పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుని, "బాగుంది, కొనేద్దాం," అన్నారు. బాగుంది అనే మాటని అంత దిగులుగా అనేవాళ్ళని నేను మరొకరిని చూడలేదు. వద్దులెండి అని వ్యాపారికి నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇడ్లీలు తిని కంచరపాలెం చేరేసరికి పదిన్నర. రైలు పట్టాలకి దగ్గర్లో పైడయ్య అనే పెద్దాయనకి లేతు మిషను షాపుంది. షాపు ముందు తాటాకు పందిరి కింద అమ్మకానికి పెట్టిన చిన్న హెరాల్డ్ కారు, రెండే తలుపులు, ఆకాశం రంగు. వెనక సగం మీద దుప్పటి కప్పి ఉంది. నేను దాని ముక్కు చూడగానే మనసు పడ్డాను. అప్పల్రాజు టీ కోసం వెళ్ళాడు, మా ఆయన ఎండకి ఆటోలోనే ఉండిపోయారు. నేను తలుపు మీద చెయ్యి వేయబోతుంటే షాపు లోపలి నుంచి పైడయ్య కేక వేశాడు.

"సూసుకోండమ్మా, సూసుకోండి. డోరు మాత్రం మెల్లగా తియ్యండి. ఎనక గుంటుంది."

నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. "వెనక గుంట ఉందా?"

"ఉందమ్మా. రోజూ ఉంటాది. రెండు నిమిసాలుండండి, ఈ పని సూసుకొని నానొచ్చి లేపెత్తాను."

గుంట అంటే మా వైపు గొయ్యి. సొట్టలు పడిన రేకుని సుత్తితో కొట్టి పైకి లేపడం నేను షెడ్లలో చూశాను. రోజూ గుంట పడే కారుని రెండు నిమిషాల్లో కొట్టి లేపి మాకు అంటగడతాడన్నమాట అనుకున్నాను. "మీరేం లేపక్కర్లేదు, మేం మళ్ళీ వస్తాం," అని గిరుక్కున తిరిగాను. ఆ మళ్ళీ అంటే ఎప్పటికీ రామని అర్థం. ఆటో ఎక్కి, "వెనక ఫ్లోరు గుంట పడిందటండీ," అన్నాను. మా ఆయన దుప్పటి కప్పిన కారు వైపు కాసేపు చూసి, "ఉప్పుగాలి తినేసుంటుంది. పోనీ, చెప్పి అమ్ముతున్నాడు, మంచోడే," అన్నారు. అప్పల్రాజు వచ్చి ఆటో తీస్తుంటే పైడయ్య చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, వెళ్ళిపోతున్న మమ్మల్ని చూసి నిలబడిపోయాడు.

అక్కడి నుంచి గాజువాక పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు, ఇనుము లారీలు, సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి. ముక్కుకి చెంగు కట్టుకుని కూర్చున్నాను. ఆటోనగర్లో షెడ్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మా ఎదురింటివాళ్ళు చెప్పిన మెకానిక్ సన్యాసిరావు దగ్గర ఒక పద్మిని కారు అమ్మకానికి ఉంది. ముస్తాబు చూస్తే పెళ్ళికి తీసుకెళ్ళేలా ఉంది. ధర పదిహేడు వేలు. ఇదే కొనేద్దామని నేను డబ్బుల సంచీ బిగించి పట్టుకున్నాను.

సన్యాసిరావు తలుపు తీసి, రబ్బరు కింద వేలు పెట్టి దుమ్ము తీశాడు. ఎండలో పెట్టి చూశాడు. తర్వాత ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. 

"దుమ్ము ఎర్రగుంటే హార్బరు పక్కన పెరిగిన బండమ్మా, అది ఓడలకెక్కించే ఇనప ఓరు దుమ్ము. ఉప్పగుంటే బీచీలో పెరిగిన బండి. ఇది రెండూను. నా దగ్గరెట్టారని నాను అబద్ధమాడను," అని, గుడ్డ చుట్టిన అయస్కాంతం తలుపు కింద ఆనించాడు. అది టప్పున కింద పడింది. లోపల రేకు పోయింది, పైన ఉన్నదంతా పూత.

ఒంటిగంటైంది. పక్క హోటల్లో చేపల పులుసుతో భోజనం, మనిషికి ఆరు రూపాయలు, పులుసు అమృతం. మా ఆయన సరిగా తినలేదు. "ఇక ఇంటికి పోదాం భాగ్యం. మనకి కారు యోగం లేదు," అన్నారు. ఆ గొంతు వింటే, ఈ పూట వట్టి చేతులతో ఇంటికెళ్తే ఆఫీసుకి తప్ప ఆయన మళ్ళీ గుమ్మం దాటరని నాకు అర్థమైపోయింది. మాతోపాటు తింటున్న సన్యాసిరావు తలెత్తాడు.

"కంచరపాలెం హెరాల్డు సూడనేదేటి బాబు? దాని రిపేరు పన్లు నానే సేత్తన్నాను. కొండవార బండి, ఉప్పు తగల్నేదు."

"చూశామండి," అన్నాను కోపంగా. "వెనక గుంట ఉందని ఆయనే చెప్పాడు."

"ఎనక గుంటుంటే బండికేటైపోద్దమ్మా?"

"కొట్టి లేపేస్తానన్నాడు కూడా."

"గుంటని కొట్టి లేపుతాడేటి?" సన్యాసిరావు ముద్ద ఆపేశాడు. అప్పల్రాజు ముందుగా అర్థం చేసుకుని మంచినీళ్ళు పొరబోయి దగ్గుతూ, "అమ్మా, గుంటంటే పిల్ల. ఆడపిల్ల. బండిలో పిల్ల పడుకుందని సెప్పాడమ్మా ఆ మడిసి," అన్నాడు.

"పైడయ్య మనవరాలు," అన్నాడు సన్యాసిరావు. "దానికి ఊయాలొద్దు, సాపొద్దు. ఆ బండి సీటే కావాల."

మా ఆయన ముందు నా మొహం కేసి చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళొచ్చేలా, విస్తరి ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎనిమిది నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను. మా వీధంతా గోదావరి వాళ్ళే, మాలో మేమే మాట్లాడుకుంటూ మూడేళ్ళు గడిపేశాం. ఊళ్ళో ఉన్నామనుకున్నాం గానీ ఊరి మాట చెవిన పడలేదు. సిగ్గుగా అనిపించింది. అయినా ఆ నవ్వు కోసం ఇంకో పదిసార్లు సిగ్గుపడమన్నా పడేదాన్ని.

మూడున్నరకి మళ్ళీ కంచరపాలెంలో ఉన్నాం. ఎవరైనా కొనేసుంటారేమోనని దారంతా అప్పల్రాజుని తొందరపెడుతూనే ఉన్నాను. కారు పందిరి కిందే ఉంది. నాలుగేళ్ళ పిల్ల తలుపు దగ్గర నిలబడి తాటిముంజ తింటోంది. నేను పైడయ్యకి సంగతంతా చెప్పి క్షమించమన్నాను. ఆయన నవ్వలేదు. "మాదే తప్పమ్మా. పిల్లని ముందే దింపాల్సింది. సెడ్డ బండనుకొని ఎల్లిపోయారని పొద్దున్నించీ బాదగుంది," అన్నాడు. మంచివాళ్ళని అనుమానించిన పాపం ఎక్కడికి పోతుందోనని నాలో నేను లెంపలేసుకున్నాను.

హెరాల్డ్ గురించి నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. రెండే తలుపులు గనక ఒక్కో తలుపు పొడుగు. మా ఆయన వెనక్కి తిరిగి కూర్చుని కాలు అలాగే లోపలికి తెచ్చేసుకున్నారు. ముందు సీట్లు వేటికవి. నాది ముందుకి, ఆయనది వెనక్కి. కాలు పూర్తిగా చాపుకుని ఊపిరి వదిలారు. బోనెట్ అయితే మొత్తం ముక్కే పైకి లేస్తుంది, ఇంజన్ చుట్టూ తిరిగి చూడొచ్చు. సామాన్లు పాత ఇనుము కొట్లలో వెతుక్కోవాలని పైడయ్య దాచకుండా చెప్పాడు.

పైడయ్య వెనక సీట్లో కూర్చోగా నేను కారు తీశాను. కంచరపాలెం మెట్టు అనే ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా ఇంజన్ ఆగిపోయింది. నేను నేర్చుకున్న బండిలో గేరు స్టీరింగు పక్కన ఉండేది. ఇందులో రెండు సీట్ల మధ్యన, కింద. మొదటి గేరు ఎటుందో దొరకలేదు, కర్రుమంటోంది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.  అప్పుడు మా ఆయన తన ఊతకర్ర పక్కన పెట్టి, నా చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టి, గేరు రాడ్డు తన కుడి చేత్తో పట్టుకున్నారు.

"కిందకి చూడకు. రోడ్డు చూడు. తొక్కు అంటే క్లచ్ తొక్కు."

"అలా చేయొచ్చా అండీ?"

"తొక్కు."

తొక్కాను. గేరు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. వదలమన్నారు, వదిలాను. కారు మెట్టు ఎక్కింది. రెండో గేరు, మూడో గేరు. హైవే మీదికి వచ్చేసరికి ఆయన చెప్పడం మానేశారు. ఇంజన్ గొంతు మారగానే నా కాలూ ఆయన చెయ్యీ ఒకేసారి కదులుతున్నాయి. చిన్న బండే గానీ పరుగు తెలిసిన బండి. కిటికీలోంచి గాలి కొడుతుంటే ఆయన కాస్త ముందుకు వంగి కూర్చున్నారు, లారీలో కూర్చునేవారే, అచ్చం అలా.

"ఇదేటి బాబు, నాలుగు సేతుల్తో తోల్తన్నారు?" అన్నాడు వెనక నుంచి పైడయ్య.

"చేతులు నాలుగే పైడయ్యా, కాళ్ళు మాత్రం మూడే," అన్నారు మా ఆయన.

తన కాలి గురించి ఆయన వేసిన మొదటి జోకు అది. నాకు ఏడుపు ఆగలేదు. "రోడ్డు చూడవే," అని కసిరారు. పద్నాలుగు వేల అయిదొందలకి బేరం కుదిరింది. ఆరింటికి ఆ కారులోనే ఇంటికొచ్చాం. ముందు ఆటోలో అప్పల్రాజు దారి తీస్తూ వచ్చాడు. ఇంకో ఇరవై ఇస్తే పుచ్చుకోలేదు.

ట్రాఫిక్ పోలీసులెవరైనా ఇది చదువుతుంటే పాత తప్పు కాబట్టి మన్నించాలి. అడిగిన అమ్మాయికి నేను చెప్పేది ఒకటే. కారు చూడబోతే ముందు డ్రైవరు సీట్లో కూర్చోకు తల్లీ, ఎవరి కోసం కొంటున్నావో వాళ్ళు కూర్చునే సీట్లో పది నిమిషాలు కూర్చో. అక్కడ కాలు ఎక్కడ పెట్టాలో, చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలిశాకే ధర అడుగు. నమ్మకం, సౌకర్యం, హుషారు అని కార్లలో విడివిడిగా వెతికినంతసేపూ నాకు ఏదీ దొరకలేదు. ఆ హెరాల్డ్ తొమ్మిదేళ్ళు మా దగ్గరుంది. ప్రతి ఆదివారం భీమిలి రోడ్డు మీద నేను క్లచ్ తొక్కాను, ఆయన గేరు మార్చారు. కింద గేరుతో నడపడం నాకు మొదటి నెలలోనే వచ్చేసింది. మిగిలిన అన్నేళ్ళూ రానట్టే ఉన్నాను.