మామ గొంతు మీద జావా పాఠాలు

మొన్న మా ఎదురింటావిడ పావురాలు రాకుండా బాల్కనీ నిండా పాత సీడీలు దారాలకు కట్టి వేలాడదీసింది. ఎండ పడ్డప్పుడల్లా మా గోడ మీద వెలుగు మరకలు పరుగెడుతున్నాయి. పావురాలు మాత్రం వాటి పక్కనే తీరిగ్గా కూర్చుంటున్నాయి. ఏ సీడీలో ఏముందో ఆవిడకే గుర్తులేదట. నాకు మాత్రం మామ గుర్తొచ్చాడు.

మామ అంటే మా మేనత్త భర్త. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరు మీదున్న రోజుల్లో సిరిసిల్ల నుంచి జావా నేర్చుకోవడానికి వచ్చి, పంజాగుట్ట వెనక గల్లీలో వాళ్ల రెండు గదుల ఇంట్లోనే ఉన్నాను. ముందు గదిలో అత్తమ్మ జాకెట్లు కుట్టేది. మామ అంతకుముందు కృష్ణానగర్ చుట్టూ తిరుగుతూ సినిమాలకు డబ్బింగ్ చెప్పేవాడు. పెద్ద పాత్రలకు కాదు. బస్సు కండక్టరు, సంతలో కూరగాయలమ్మేవాడు, పెళ్లి ఆపమని అరిచే ముసలాయన, ఇలాంటివాళ్లకు. తరవాత గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. నేను వచ్చేసరికి మెడకు తెల్లగుడ్డ కట్టుకుని, ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవాడు. కోపంలో కూడా దీర్ఘాలు, ఒత్తులు తప్పకుండా పెట్టేవాడు. ఆయన రాయడం పూర్తయ్యేసరికి అత్తమ్మ కోపం చల్లారిపోయేది.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో సారు చెప్పే ఇంగ్లీషు నాకు సగం కూడా అందేది కాదు. టేపులోకి ఎక్కించుకుని, ఇంటికొచ్చి మళ్లీ మళ్లీ వినడం ఒక్కటే దారి. సంగతి తెలిసి మామ అటక మీంచి ఒక అట్టపెట్టె దించాడు. అందులో ఎనిమిది క్యాసెట్లు. చెరిగిపోకుండా ఎప్పుడో మూలలు విరిచేసినవి. ఆ కంతల్లో కాగితం ఉండలు కూరి, మళ్లీ రికార్డయ్యేలా చేసి నా చేతికిచ్చాడు. ఏమున్నాయని అడిగితే “పాతవి” అని రాశాడు. నమ్మాను. నా అవసరానికి నమ్మడమే సులువు. రెండు నెలల్లో ఎనిమిదీ నింపేశాను.

ఒక ఆదివారం పాఠం వినడం అయిపోయినా టేపు ఆపడం మరిచాను. ఉన్నట్టుండి “ఆగండి! ఈ పెళ్లి జరగడానికి వీల్లేదు!” అని ఎవరో గర్జించారు. అదే మాట మళ్లీ ఏడుస్తూ, మళ్లీ వణుకుతూ. చివర్న దగ్గు, నవ్వు, “ఇంకోసారి చెప్తనన్నా.” నేను పకపకా నవ్వాను. అత్తమ్మ కుట్టుమిషను ఆగిపోయింది.

“గది మీ మామ గొంతే,” అంది. “గా టేపులు నీకిచ్చిండా? గవి వినిపిచ్చే డబ్బింగ్ పనులడుగ పోతుండె. మొత్తం చెరిపినవా బిడ్డా?”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. లోపలి గదిలోకి పోయి మామ ముందు ఏడ్చాను. ఆయన పలక అందుకుని, “నువ్వు పరీక్ష తప్పితే అప్పుడు బాధపడతాను” అని రాశాడు.

మర్నాడే మైత్రీవనం దగ్గర క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించే ఒక భాయ్ దగ్గరికి పరుగెత్తాను. “చెరిగింది వాపస్ రాదు బేటీ,” అన్నాడు. “పాఠం ఆగిన కాడి నుంచి ఏమన్న మిగిలిందేమో జర చూస్త.” రెండు రోజుల తరవాత సీడీ ఇస్తూ, “మీ మామ మస్తు అరిచిండు. గిరాకీలు సుత నిలబడి విన్నరు,” అన్నాడు. ఎనిమిది క్యాసెట్ల కొసలన్నీ కలిపితే పదకొండు నిమిషాలు.

పక్కింటివాళ్ల ప్లేయరు తెచ్చి పెట్టాను. మొదట మామ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కండక్టరు వచ్చి, “ముందుకు జరగాలమ్మా, ముందుకు!” అన్నాడు. మామ ఇటు తిరిగాడు. ముసలాయన పెళ్లి ఆపే చోటికి వచ్చేసరికి ఆయన పెదవులు కదలడం మొదలైంది. ఒక్క అక్షరం ముందూ వెనకా కాకుండా, చెయ్యెత్తి, కళ్లెర్రజేసి, తన గొంతుకు తనే నోరు కదిపాడు. అత్తమ్మ ప్లేయరు వైపు చూడనే లేదు, ఆయన నోటినే చూస్తోంది. సీడీ అయిపోయాక మామ భుజాలు కదిలిపోయేలా, చప్పుడు లేకుండా నవ్వాడు. “ఇంకోసారి పెట్టవే,” అంది అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఆ యేడే నాకు ఉద్యోగం వచ్చింది. అంత కష్టపడి ఎక్కించుకున్న ఆ పాఠాలు నాలుగేళ్లకే ఎవరికీ అక్కర్లేకపోయాయి. మామ పోయాక కూడా ఆ పదకొండు నిమిషాలను అత్తమ్మ వింటూనే ఉంది. ఏది పాతబడుతుందో, ఏది పడదో కాలం తప్పకుండా చెబుతుంది. కాకపోతే మనం చెరిపేసిన తరవాత చెబుతుంది.