మందు గదిలో నా ఫోను

మాది కోవిల్‌పట్టి. తిరుత్తంగల్‌లోని ఒక బాణసంచా ఫ్యాక్టరీలో దీపావళి రాకెట్లకు వత్తులు పెట్టేదాన్ని. ఆకాశంలోకి వెళ్లే అసలు రాకెట్లంటే నాకు చెప్పలేనంత పిచ్చి. రెండేళ్ల క్రితం, ఒక కొత్త రాకెట్టు ఎగిరే రోజున, గేటు దగ్గర ఇచ్చేయాల్సిన ఫోనును చీర మడతలో దోపుకుని మందు గదిలోకి వెళ్లాను. భోజనాల వేళ చెట్టు కింద కూర్చుని, అది ఎగరడం ఫోనులో చూద్దామని నా ఆశ.

పనిలో కూర్చున్నాక గుర్తొచ్చింది, ప్రయోగానికి ముందు మోగేలా అలారం పెట్టానని. చుట్టూ మందు పొడి, ఒక్క నిప్పురవ్వ చాలు. గుమ్మంలో ఫోర్‌మన్ నిలబడి వత్తులు చూస్తున్నాడు. ఎదురుగా నాతోపాటు వత్తులు పెట్టే రాజమ్మక్క. చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలియదు.

"ఏమ్మా, పని నిలిపేస్తివి?" అన్నాడు ఫోర్‌మన్.

"అన్నా, నా దగ్గర ఫోనుండాది."

ఆయన అరవలేదు. మా ఇద్దరినీ బయటికి పంపి, ఫోను తీసుకెళ్లి దూరంగా ఇసుక బకెట్లో పూడ్చాడు. కాసేపటికి ఇసుకలోంచి అలారం మోగింది.

"ఏంటికి తెస్తివి?"

"కొత్త రాకెట్టు పొయ్యేది చూసేకి."

రాజమ్మక్క నా వైపు చూడకుండా, "నాకు ఇద్దరు బిడ్డలుండారు" అంది.

ఆ రోజే పనిలోంచి తీసేశారు. గేటు దగ్గర వాచ్‌మన్ టీవీలో వార్త వస్తోంది. ఏదో చిన్న లోపం ఉందని అనుమానమొచ్చి, రాకెట్టును చివరి నిమిషంలో ఆపేశారట.

గేటు దాటబోతున్నదాన్ని, ఆ మాట విని ఆగి, వెనక్కి తిరిగి రాజమ్మక్క కూర్చునే మందు గది వైపు చూశాను.