జ్వరమని చెప్పాను

మా బావ జ్వరంతో చనిపోయాడని నాలుగేళ్ళ కిందట చెప్పాను. ఊళ్ళో చెప్పాను, పేపరు వాళ్ళకి చెప్పాను, మండలాఫీసులో కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను. అది నిజం కాదు.

బావ అంటే వరసకి బావ. అరకు లోయలో మావి పక్కపక్క ఊళ్ళు. ఇద్దరం బోరు బండి మీద పనిచేసేవాళ్ళం. నేను ఆపరేటరుని, అతను రాడ్లు ఎక్కించేవాడు. ఒక ఏజెంటు మాట నమ్మి అదే పని మీద ఆఫ్రికాలో ఒక దేశానికి వెళ్ళాం. వెళ్దామన్నది నేనే. అతను మాత్రం చాలా రోజులు నాన్చి, చివరికి "అక్కడ కొండలున్నాయేటి?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. నాకు తెలియదు.

వెళ్ళిన ఐదో నెలలో ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి పోతుంటే మోటారు సైకిళ్ళ మీద వచ్చిన వాళ్ళు మా పికప్ ఆపారు. డ్రైవరు ఆ దేశం మనిషి, అతన్ని వదిలేశారు. మమ్మల్నిద్దర్నీ తీసుకుపోయారు. నేను బయటపడేసరికి రెండేళ్ళు దాటింది. అక్కడ తేదీలు తెలిసేవి కావు. బావ మాత్రం ఊళ్ళో ఏ పని జరుగుతుంటుందో చెప్పి కాలం లెక్కగట్టేవాడు. ఇప్పుడు సామలు కోస్తుంటారు అనేవాడు. కాఫీ పళ్ళు ఎర్రబడి ఉంటాయి అనేవాడు. అతని మాట విని నేనూ ఆ పనుల్లో పడి కాసేపు అన్నీ మర్చిపోయేవాణ్ణి.

కొట్టారా అని జనం మొదట అడుగుతారు. తక్కువే కొట్టారు. రాళ్ళ గుట్టల్లో, ముళ్ళ చెట్ల కింద ఉంచేవారు. తరచూ చోటు మార్చేవారు. చీకటి పడ్డాక కాళ్ళకి గొలుసు వేసేవారు. తినడానికి ఏవో చిన్న గింజల జావ ఇచ్చేవారు. మొదటిసారి అది నోట్లో పెట్టుకుని, ఊళ్ళో మేం తాగే రాగి అంబలి గుర్తొచ్చి బావ చప్పరించాడు.

"ఇది మన సోడంబలే బావా. ఈళ్ళు మనోళ్ళేమో, ఇంటిపేరు అడుగు."

ఇంకోరోజు నేను మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంటే పక్కకి జరిగాడు. "ఏటి బావా, ఏడుత్తన్నావా? ఏడిసితే దాహమేత్తాది. నీ వాటా అయిపోతే నా నీళ్ళు ఇవ్వను, ముందే సెప్తన్నాను." తర్వాత తన నీళ్ళే ఇచ్చాడు.

రెండో ఏడు గడిచాక అతను పారిపోదామన్నాడు. పొద్దున్న గొలుసు విప్పి వంతుల వారీగా నీళ్ళకి పంపేవారు. కాపలా పిల్లలకి మా మీద శ్రద్ధ తగ్గిపోయింది.

"రేపు నీళ్ళకెళ్ళి అట్నుంచి అటే పోతాను. నువ్వొత్తావా?"

"నా మోకాలు సూడు," అన్నాను. మోకాలు వాచిన మాట నిజమే. నడవలేనంత వాపు కాదు.

అతను దాన్ని నొక్కి చూశాడు. "సరే. కొమ్మలేసుకుంటూ పోతాను. కుదిరినప్పుడు బేగి వచ్చీ."

మా కొండల్లో సంతకి కలిసి బయల్దేరినా అందరూ ఒక్క నడక నడవరు. ముందు పోయేవాళ్ళు దారి చీలిన చోట పచ్చి కొమ్మ విరిచి, తాము పోని దారికి అడ్డంగా వేసి, గాలికి పోకుండా పైన రాయి పెడతారు. వెనక వచ్చేవాళ్ళు కొమ్మ లేని దారి పడతారు. ఇది ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, పెద్దవాళ్ళ వెనక నడిస్తే వస్తుంది. పరాయి దేశంలో తుపాకుల వాళ్ళ నుంచి పారిపోతున్న మనిషి దారిలో గుర్తులు పెట్టుకుంటూ పోవడం తెలివితక్కువ పని అని మైదానం వాళ్ళకి అనిపించవచ్చు. వెనక మనిషి ఉన్నప్పుడు కొమ్మ వేయకుండా పోవడం అతనికి చేతకాదు.

మధ్యాహ్నానికి వాళ్ళు గమనించారు. నేను పిలిస్తే పలుకుతాడనేమో, నన్ను బండెక్కించుకుని వెతకడానికి బయల్దేరారు. రాళ్ళు ఎక్కువయ్యాక బళ్ళు ఆపి, నన్ను ముందు నడిపించి, ముగ్గురు వెనక వచ్చారు. మొదటి చీలిక దగ్గర ముళ్ళ కొమ్మ కనిపించింది. ఆకు ఇంకా వాడలేదు, పైన గుండ్రాయి ఉంది. వాళ్ళలో ఒకడు దాన్ని తొక్కుకుంటూ ఆ దారినే పోబోయాడు. నేను ఆగిపోయాను. రెండో దారి వైపు చెయ్యి చూపించాను.

ఇన్నేళ్ళూ నేను దాచింది ఇదే. తుపాకి అతని భుజానికే వేలాడుతోంది, నా తలకి పెట్టలేదు. చెప్పకపోతే చంపుతామని ఎవరూ అనలేదు. అని ఉంటే బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. బావ పోతే నేనొక్కణ్ణే మిగిలిపోతాను. ఆ క్షణంలో నా మనసులో ఉన్నది ఆ ఒక్క భయమే. రెండో చీలిక దగ్గరా చూపించాను. మూడో దగ్గరా చూపించాను.

అది దాటాక పెద్ద బండ ఉంది. దాని వెనక నుంచి బావే బయటికి వచ్చాడు. నన్ను చూసి వచ్చాడు. దాక్కునే ఉంటే ఆ ముగ్గురూ పక్కనుంచి పోయేవారేమో.

"వచ్చీసినావా బావా," అని నవ్వాడు. "మోకాలు తగ్గిందేటి?"

అప్పుడు నా వెనక ఉన్నవాళ్ళు అతనికి కనిపించారు. అతను పరుగెత్తలేదు. వాళ్ళు అతని చేతులు కట్టి, కింద ఆపిన బండి మీద కూర్చోబెట్టుకుని మా మకాం వైపు కాకుండా ఇంకో వైపు తీసుకుపోయారు. తుపాకి చప్పుడు వినలేదు. అతను ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. ఐదారు నెలల తర్వాత నన్ను వదిలేశారు. ఎవరు మాట్లాడి విడిపించారో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు.

విమానంలో కూర్చుని ఏం చెప్పాలో ఆలోచించాను. పారిపోతుంటే పట్టుకుపోయారంటే ఎలా దొరికాడని అడుగుతారు. జ్వరమంటే ఇంకేమీ అడగరనుకున్నాను. కానీ బావ భార్య అడిగింది. నాకు చెల్లెలి వరస.

"ఆకరికి నోట్లో నీళ్ళు ఎవులు పోసారు?"

"నేనే," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. తర్వాత దినం చేశారు. నేను భోజనం చేసి వచ్చాను. ఆ నెలలోనే స్కూల్లో సభ పెట్టి నాకు శాలువా కప్పారు.

మాలో భర్త పోయిన మనిషిని మరిదికి ఇచ్చే ఆచారం ఉంది. పెద్దలు ఎన్నిసార్లు కదిపినా ఆమె ఒప్పుకోలేదు. ఈ ఏడు కాఫీ కోతలయ్యాక ఒప్పుకుంది. ఆ మాట చెప్పడానికి మా కళ్ళం దగ్గరికి వచ్చింది. నేను కాఫీ గింజలు ఎండబోస్తున్నాను.

"అన్నియ్యా, నాకు పుట్టింటోళ్ళు లేరు. ఆ రోజు నువ్వే నిలబడాల," అంటూ కూర్చుని, అలవాటుగా నల్ల గింజలు ఏరడం మొదలుపెట్టింది.

అప్పుడు చెప్పాను. కొమ్మల సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

"సచ్చిపోవడం సూసావా?"

"లేదు."

"సచ్చిపోయాడని ఎవులైనా సెప్పారా?"

"లేదు."

"మరి నాలుగేళ్ళు నాను ఎవులికి ఏడిసాను?"

ఏరిన నల్ల గింజలు పక్కకి పోసి మళ్ళీ అడిగింది. "నిన్ను సూసి ఏటన్నాడు?" మోకాలి మాటతో సహా చెప్పాను.

"నవ్వాడా?"

"నవ్వాడు."

లేచి, నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అత్త ముందు, మరిది ముందు, పిలిచిన పెద్దల ముందు మొదటినుంచీ మళ్ళీ చెప్పించింది. మరిది నా చొక్కా పట్టుకున్నాడు. ఆమె అతని చెయ్యి తీసేసింది.

"కొట్టకు. ఈడి నోటితో పనుంది. రేపు ఆఫీసులో సెప్పాల."

కాసేపటి కిందటిదాకా నేను ఆమెకి అన్నియ్యని.

పెద్దలు అనుకున్న పెళ్ళి ఆగిపోయింది. మరిది పక్కకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతనికి నేను చేసింది కూడా చిన్నది కాదు.

మర్నాడు మండలాఫీసులో గుమాస్తా పాత కాగితం తీశాడు. "బతికున్నాడని రుజువుందా?" అన్నాడు. లేదన్నాను. చనిపోయాడనడానికి ఏముందో అతనే చూశాడు. నా సంతకమే ఉంది. పై ఆఫీసుకి పంపుతాం, ఏం జరుగుతుందో చెప్పలేం, ముందు జరిగింది జరిగినట్టు రాయమని తెల్లకాగితం ఇచ్చాడు. రెండు వైపులా నిండింది.

"సదువు," అంది ఆమె.

చదివాను. గుమాస్తా కాగితం కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వనివ్వలేదు.

"నవ్వాడని రాయలేదు."

"అది అక్కర్లేదమ్మా," అన్నాడు గుమాస్తా.

"రాయి," అంది నాతో.

రాశాను.