మామయ్య పడవలో చప్పుళ్లు

శ్రీకాకుళం ఒడ్డున మా ఊళ్లో దాదాపు అందరూ పడవలకు ఇంజన్లు పెట్టించుకున్నారు. మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, మాత్రం తెరచాపతోనే వేటకు వెళ్తారు. ఇంజను మోతలో చేప మాట వినపడదంటారు. గొరక చేపలు గుంపు కట్టినప్పుడు నీళ్ల కింద గొరగొరమంటాయి. తెడ్డును నీళ్లలోకి దించి దాని పిడికి చెవి ఆనిస్తే, ఆ చప్పుడు కర్రలోంచి పైకి వస్తుంది. వల ఎక్కడ వెయ్యాలో ఆయన అలా విని చెప్పేవారు.

నిరుడు వానలు తగ్గాక ఆయనకు గొరకలు వినపడటం మానేశాయి. పడవ గోల ఎక్కువైందన్నారు. చెవులే తగ్గాయేమోనని ఇంట్లో అందరికీ అనుమానం. ఎవరూ పైకి అనలేదు. అదే నిజమైతే ఆయన ఇక ఒడ్డున వలలు బాగు చేసుకుంటూ కూర్చోవలసిందే.

అందుకని మా ఆయన పడవ పని పట్టారు. తెరచాప కొయ్య మొదలు దగ్గర కిర్రుమంటుంటే, పాత చీర పేలికను కొబ్బరినూనెలో తడిపి చుట్టూ కూరారు. కొయ్యకు టపటపా కొట్టుకునే తాడును పక్కకు లాగి కట్టారు. చుక్కాని రాసుకునేచోట సైకిల్ ట్యూబు ముక్క వేశారు. అడుగు చెక్కల సందుల్లో కొబ్బరి పీచు నేను దట్టించాను. మంచినీళ్ల డబ్బా దొర్లకుండా గోనె తొడుగు కూడా కుట్టాను. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మామయ్య తల అడ్డంగా ఊపేవారు.

ఇక మిగిలింది పడవ ముక్కుకు గంగమ్మ పేర అత్తయ్య కట్టిన గాజుల గుత్తి. ఏటా కొత్తవి కడుతుంది, పాతవి తియ్యదు. అల తగిలితే చాలు, గలగలమంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ గాజులు తీసేసిన పడవంటే మావాళ్లకు వేరే అర్థం ఉంది. విప్పమని ఎవరంటారు?

చివరికి మామయ్యే అన్నారు. "ఒసే, నీ అమ్మోరు నా సెవిలో కూకుంది."

"అమ్మోరు కాదు, ముసిలితనం కూకుంది," అంది అత్తయ్య.



మర్నాడు పొద్దున్నే అత్తయ్య తలస్నానం చేసి, పసుపు బట్ట పట్టుకుని నన్ను పడవ దగ్గరికి తీసుకెళ్లింది. గాజులు విప్పలేదు. గాజుకీ గాజుకీ మధ్య పసుపు నూలు దూర్చి, గుత్తి మొత్తాన్ని బట్టతో బిగించి చుట్టింది.

"తీసేత్తన్నాననుకోకు తల్లీ. సలేస్తాదని కప్పుతన్నాను," అంది గంగమ్మతో.

నేను పక్కన నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ రోజు పడవలో చప్పుడే లేదని మా ఆయన చెప్పారు. మామయ్య తెడ్డు దించి చాలాసేపు విన్నారట. తర్వాత తెడ్డును కొడుకు చేతికిచ్చారట. మా ఆయన చెవి ఆనిస్తే గొరకలు స్పష్టంగా వినిపించాయి. చెప్పాలో వద్దో తెలియక తండ్రి మొహంలోకి చూశారు.

"ఎటేపున్నాయిరా?" అని మామయ్యే అడిగారట.

"తూరుపేపు, నాన్నా."

మామయ్య వెళ్లి చుక్కాని దగ్గర కూర్చుని, పడవను అటు తిప్పారు.

ఇప్పటికీ అంతే. మా ఆయన వింటారు, మామయ్య నడుపుతారు. చుక్కాని పట్టడానికి చెవులతో పని లేదు. ఆ మాత్రం చోటు ఆయనకు మిగిల్చినందుకు గంగమ్మ తల్లికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.